కుడి పక్క సైకిలు

ఆ రోజు పొద్దున్న ఆయన టీ కూడా తాగకుండా సైకిలు ముందు చతికిలబడ్డాడు. పాత పళ్ళ బ్రష్షు ఒకటి పట్టుకుని, చైను ఒక్కో లంకె తోముతున్నాడు. మధ్యమధ్యలో పెడలు తిప్పి, చెవి ఒగ్గి వింటున్నాడు. నలభై ఏళ్ళు వాచీలు బాగుచేసిన మనిషి. ఏది చేసినా అంతే, గింజంత దుమ్ము కూడా వదలడు.

"ఏమోయ్, నీ సైకిలు కూడా ఇలా నెట్టు, తుడిచేస్తాను. ఇవాళ అందరి ముందూ నిలబెట్టాలి. బురద మొహంతో తీసుకొస్తే నా పరువు పోతుంది."

"నా సైకిలుకి బురదైతే మీ పరువెందుకు పోతుందండీ?" అంది ఆవిడ వంటింట్లోంచి.

"నేర్పించింది నేనేగా!"

"మీరా! మీరు గట్టు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వారు. వెనక పట్టుకుని పరిగెత్తింది దర్జీ వదిన."

"నవ్వడం కూడా నేర్పించడమే. ఆ రోషంతోనేగా నేర్చుకున్నావు" అని ఆయన పకపకా నవ్వాడు.

ఆవిడ టీ గ్లాసు తెచ్చి ఆయన ఎడమచేతి పక్కన పెట్టింది. ఏడాదిగా ఆ ఇంట్లో ఏ వస్తువూ ఆయనకు కుడి పక్కన పెట్టడం లేదు. కుర్చీలు, బల్ల, నీళ్ళ బిందె అన్నీ మెల్లమెల్లగా ఎడమకు జరిగాయి. ఎందుకు జరిగాయో ఆయనకు తెలియదు. అసలు జరిగాయనే తెలియదు.

ఆయన కళ్ళకు నీటికాసులు. కంటి డాక్టరు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. మధ్యలో చూపు బాగానే ఉంది కానీ పక్క చూపు పోతోందనీ, కుడి పక్క ఇప్పటికే చాలా పోయిందనీ, పోయింది తిరిగి రాదనీ అన్నాడు. ఈయన అంతా విని, డాక్టరు రాసిచ్చిన చీటీ తీసుకుని, దాని అడుగున చీమల్లా ఉన్న అచ్చు అక్షరాలు అద్దాలు లేకుండా గడగడా చదివేశాడు. "ఇప్పుడు చెప్పండి, నా కళ్ళకు ఏమైందో" అన్నాడు. గది బయటికి వచ్చాక డాక్టరు ఆవిడను మాత్రం పిలిచి, "గొట్టంలోంచి చూసినట్టు చూస్తున్నాడమ్మా ఆయన. గొట్టం చివర చక్కగా కనిపిస్తుంది కాబట్టి ఆయనకు లోటు తెలియడం లేదు. సైకిలు మాత్రం ఎక్కనివ్వకండి" అన్నాడు.

ఎక్కనివ్వకండి అనడం తేలికే. అంతకు ఆరు నెలల ముందు ఆయన దుకాణం మూసేశాడు. వాచీ పాడైతే పారేసి కొత్తది కొనుక్కునే కాలం వచ్చిందని తనే పలక రాసి తలుపుకి తగిలించి వచ్చాడు. ఆ తర్వాత ఆరు నెలలు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పిలిస్తే పలికేవాడు కాదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. అలాంటి మనిషిని, వీధి చివర ఉండే డ్రిల్లు మాస్టారు వచ్చి, "బావా, లే, సైకిలు తియ్" అని రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. పదిహేను రోజుల్లో ఆయనకు ఆకలి తిరిగొచ్చింది. ఈల వేయడం తిరిగొచ్చింది. సరిగ్గా అప్పుడు డాక్టరు ఆ మాట అన్నాడు.

ఆవిడకు ఏం చేయాలో తోచలేదు. సైకిలు తీసేస్తే మనిషి మళ్ళీ గోడకు పోతాడు. ఉంచితే రోడ్డుకు పోతాడు. చివరికి డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్ళి ఏడ్చింది. మాస్టారు ఆలోచించి, "చెల్లెమ్మా, ముందు నేనుంటాను. గుంట వస్తే ఒక గంట కొడతాను, బండి వస్తే రెండు. ఎడమ పక్కన బేకరీ తమ్ముడు, వెనక మీ దర్జీ వదిన. కుడి పక్కనే ఎవరూ లేరు" అన్నాడు.

యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆవిడ సైకిలు నేర్చుకుంది అందుకే. పన్నెండు రోజుల్లో, రెండు మోకాళ్ళూ చీరుకుని.

టీ తాగి ఆయన స్నానానికి వెళ్ళాడో లేదో, కూతురు వచ్చింది. ఒక్కతే కూతురు. సిటీ బస్సు నడుపుతుంది. రాత్రి డ్యూటీ దిగి, ఒంటి మీద ఆ ఖాకీ చొక్కాతోనే వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వచ్చి, తల్లి భుజం పట్టుకుంది.

"నాన్న నిన్న సాయంత్రం ఎక్కడికి వెళ్ళాడు?"

"ఇక్కడికే, సైకిలుకి బ్రేకు ముక్కలు కావాలని. నేను బట్టలు ఉతుకుతుంటే చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఏమైందే?"

"ఆసుపత్రి పక్క సందులోంచి మెయిన్ రోడ్డు మీదకి వచ్చాడు. తల కూడా తిప్పలేదు. నా బస్సు ముందుకే వచ్చాడమ్మా."

ఆవిడ చేతిలో గరిటె పొయ్యి మీద పడిపోయింది.

"బ్రేకు మీద నిలబడ్డాను. బస్సంతా ముందుకు పడింది. ఒక ముసలావిడ పెదవి చిట్లింది. అంత బస్సు, అంత హారను! నాన్న ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. నన్ను చూడలేదు. బస్సునే చూడలేదు. జానెడు తేడాలో మా నాన్నను నేనే..." ఆ పిల్ల తల్లి భుజం వదిలేసింది. "నీకు తెలుసు కదూ? ముందే తెలుసు నీకు."

ఆవిడ తల వంచుకుని అంతా చెప్పింది. డాక్టరు మాట, గంటల ఏర్పాటు, కుడి పక్క.

"అంటే లారీలకూ నాన్నకూ మధ్య నువ్వా?" కూతురు గొంతు పైకి లేచింది. "బాగుంది! ఒకరు పోయే చోట ఇద్దరు పోవడానికి ఏర్పాటు చేసుకున్నారన్నమాట! ఎవరిదమ్మా ఈ తెలివి?"

"మెల్లగా మాట్లాడవే, వింటారు."

"వినాలి! ఇవాళే వినాలి. ఆ సైకిలు నేను తీసుకుపోతున్నా."

"నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది ఆవిడ. నిజంగానే వంగబోయింది. కూతురు గాభరాగా పట్టుకుని ఆపింది. "ఇవాళ ఒక్క రోజు ఆగు తల్లీ. ఇవాళ్టికి మేమంతా కలిసి సైకిళ్ళు తొక్కడం మొదలై ఏడాది. అందరూ కలుస్తారు, తలో మాటా చెప్పుకుంటారు. నెల రోజుల నుంచీ ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి వల్లిస్తున్నాడు. అది అయిపోనీ. ఇంటికొచ్చాక నేనే చెప్తాను."

"నువ్వా? ఏడాదిలో చెప్పలేనిదానివి ఇవాళ చెప్తావా?"

కూతురు కళ్ళు తుడుచుకుంది. "సరే. నేనూ వస్తాను. రోడ్డు మీద ఎక్కనివ్వను, నడిపించుకుంటూ తీసుకెళ్దాం. అక్కడ అందరూ టీ తాగేదాకా నోరు విప్పను. ఆ తర్వాత నన్ను ఆపకు."

ఆయన స్నానం చేసి వచ్చి కూతురిని చూసి మురిసిపోయాడు. "ఏమ్మా డ్రైవరమ్మా, మా సభకు నువ్వు కూడానా? పద పద. ఇవాళ సైకిలు ఎక్కితే తుడిచిందంతా దుమ్మవుతుంది, నడిపించుకుంటూ పోదాం" అని తనే అన్నాడు. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కాలువ గట్టు మీద రెండు సిమెంటు బల్లలు ఉన్న చోట వాళ్ళంతా రోజూ ఆగుతారు. డ్రిల్లు మాస్టారు అప్పటికే మెడలో విజిలు వేసుకుని నిలబడ్డాడు. నియమం ఆయనదే: ఒక్కొక్కరూ తమ సైకిలు పక్కన నిలబడి, సీటు మీద చెయ్యి వేసి, ఏడాది ఎలా గడిచిందో చెప్పాలి. మధ్యలో ఎవరూ అడ్డం రాకూడదు. అడ్డం వస్తే విజిలు.

ముందు బేకరీ తమ్ముడు నిలబడ్డాడు. "నేను ముప్పై ఏళ్ళు తెల్లవారకముందే లేచాను. కానీ సూర్యుణ్ణి చూసింది ఈ ఏడాదే. అదివరకు నాకు కనపడిందల్లా రొట్టెల పొయ్యి. ఇదిగో, ఈ కారియరు మీద రోజుకి రెండు వందల రొట్టెలు మోశాను. ఇప్పుడు ఖాళీగా తొక్కుతుంటే ఏదో మర్చిపోయి వచ్చినట్టే ఉంటుంది. అందుకని రెండు ఇటుకలు కట్టుకుంటున్నా."

"ఇటుకలా! నేను ఇన్నాళ్ళూ టిఫిను అనుకుని ఎంత ఆశపడ్డానురా" అన్నాడు వాచీలాయన. విజిలు మోగింది. అందరూ నవ్వారు.

దర్జీ వదిన తన సైకిలు మీద చెయ్యి వెయ్యలేదు, దాన్ని కోపంగా చూసింది. "మొత్తం పదకొండు పంచర్లు. ఈ ఏడాది ఇది నన్ను మోసినదానికంటే నేను దీన్ని మోసిందే ఎక్కువ. పెళ్ళయి అన్నేళ్ళు కలిసున్నా మా ఆయన కూడా నన్ను ఇంత నడిపించలేదు. అయినా పొద్దున లేవగానే దీని మొహమే చూస్తున్నాను, ఏం చెయ్యను? మిషను ముందు వంగి వంగి నా నడుము విల్లయిపోయింది. ఇప్పుడు కాస్త నిటారుగా నిలబడుతున్నాను. చూడండి." నిలబడి చూపించింది. అంతా చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆవిడ వంతు. "నాకేం మాటలు రావు. ఏడాది గడిచింది. అదే చాలు" అని గబగబా పక్కకు జరిగింది. ఆయన ముందుకు వచ్చాడు. సైకిలుకు స్టాండు వేసి, తనకు కుడి పక్కన నిలబెట్టుకుని, సీటు మీద చెయ్యి వేశాడు.

"నాకు అరవై ఆరు. ఈ ఏడాదిలో మాస్టారు రెండుసార్లు పడ్డాడు. బేకరీవాడు కాలువలోనే పడ్డాడు. మా వదిన సంగతి సరేసరి. మా ఆవిడ మోకాళ్ళు లెక్కే లేదు. పడనివాణ్ణి నేనొక్కణ్ణే." ఆయన సీటును ఒకసారి నిమిరాడు. "దుకాణం మూశాక నేను పనికిరాననుకున్నాను. మీకెవరికీ చెప్పలేదు, గోడకేసి చూస్తూ పోవాలనుకున్నాను. ఈ సైకిలు నన్ను మళ్ళీ మనిషిని చేసింది. నా చేతులూ నా కళ్ళూ ఇంకా పనికొస్తాయని చెప్పింది. అందుకని మాస్టారూ, ఒక్కటే కోరిక. వచ్చే ఏడాది ముందు నేనుంటాను. గంట నేను కొడతాను. మీరంతా నా వెనక రండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బేకరీ తమ్ముడు నేల చూశాడు. దర్జీ వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం, నమ్మకం లేదా?" అన్నాడు ఆయన నవ్వుతూ.

"నాన్నా, నీ కళ్ళు..." కూతురు నోరు విప్పింది. టీ ఇంకా పొయ్యలేదు.

"మళ్ళీ ఆ డాక్టరు మాటేనా? మీ అమ్మ చెప్పిందా? ఒరేయ్ తమ్ముడూ, నీ వాచీ ఇలా పడెయ్." బేకరీ తమ్ముడి వాచీ తీసుకుని, జేబులోంచి చిన్న పరికరం తీసి, వెనక మూత ఇట్టే విప్పాడు. "లోపల చక్రం పక్కన నంబరు ఉంటుంది. ఇక్కడున్న కుర్రకళ్ళవాళ్ళెవరైనా చదవండి చూద్దాం. నేను చదువుతాను, వినండి."

"చదువు నాన్నా" అంది కూతురు. అంటూనే నడిచి వెళ్ళి ఆయన కుడి పక్కన నిలబడింది. ఆయన వాచీ మీద వంగి ఒక్కో అంకే చదువుతున్నాడు. కూతురు రెండు చేతులతో ఆయన సైకిలును చప్పుడు కాకుండా ఎత్తింది. అందరూ చూస్తున్నారు. ఆవిడ వద్దని చెయ్యి ఎత్తబోయి ఎత్తలేకపోయింది. కూతురు ఏడుస్తూనే నాలుగడుగులు వెనక్కి వేసి, సైకిలును అక్కడ దింపింది.

"...ఐదు, రెండు, తొమ్మిది. సరిపోయిందా?" ఆయన మూత బిగించి, వాచీ తిరిగిచ్చి, విజయంగా తన సైకిలు సీటు మీద చెయ్యి వేశాడు.

చెయ్యి గాలిలోకి పోయింది. ఒళ్ళు కూడా దాని వెంటే వాలింది. మాస్టారు ఒక్క ఉరుకున వచ్చి పట్టుకోకపోతే పడేవాడే.

"సైకిలేది?" అన్నాడు. తల అటూ ఇటూ తిప్పి వెతికాడు. కూతురు కనిపించింది. కూతురు చేతిలో సైకిలు కనిపించింది. తన కళ్ళ పక్కనుంచే అది వెళ్ళిందని ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"నిన్న నీ ముందు ఆగిన బస్సు నాదే నాన్నా" అంది కూతురు.

ఆయన మెల్లగా మాస్టారి చెయ్యి విడిపించుకున్నాడు. "నీకు తెలుసా మాస్టారూ?"

"మొదటి నెల నుంచీ తెలుసు బావా."

"ఆ గంటలు?"

"నీ కోసమే."

ఆయన ఒక్కొక్కరి మొహమూ తల తిప్పి తిప్పి చూశాడు. చివరికి భార్య దగ్గర ఆగాడు. "నువ్వు సైకిలు నేర్చుకున్నది?"

ఆవిడ అవునన్నట్టు తల దించుకుంది.

"అంటే ఈ ఏడాదంతా నేను తొక్కలేదన్నమాట. మీరు నలుగురూ నన్ను మోసుకు తిరిగారు. నేనేమో పడలేదని గొప్పలు పోతున్నాను." ఆయన వెనక్కి తిరిగి ఇంటివైపు నడిచాడు, దారి పక్క ఇళ్ళ గోడలను తడుముకుంటూ. అలా తడమడం ఆవిడ అదే మొదటిసారి చూసింది. పది అడుగుల వెనక ఆవిడ నడిచింది. పక్కకు వెళ్దామంటే ధైర్యం చాలలేదు.

ఇంటికొచ్చి ఆయన గోడ ముందు కుర్చీలో కూర్చున్నాడు. అదే గోడ. అన్నం పెడితే తినలేదు. మధ్యాహ్నం కంటిలో చుక్కలు వేయబోతే మాత్రం తల వెనక్కి వాల్చాడు. రెండు చుక్కలు బుగ్గ మీద పడ్డాయి.

కూతురు డ్యూటీకి వెళ్ళేముందు గుమ్మంలో ఆగింది. "అమ్మా, నేను తప్పు చేశానా?"

"నాకు తెలీదే. నేను చెయ్యలేనిది చేశావు. అంతవరకే తెలుసు" అంది ఆవిడ. ఇద్దరూ గుమ్మం దగ్గరే కాసేపు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. లోపల ఆయన గోడను చూస్తూనే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా ఆయనే పిలిచాడు. "ఏమోయ్, ఇలా రా. ఎదురుగా కూర్చో, కనపడేలా."

ఆవిడ ముక్కాలిపీట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. తిట్టమని చెప్పాలనుకుంది. తిడితే బాగుండునని ఉంది.

"పొద్దున్నుంచీ ఒకటే ఆలోచన. మీరంతా నన్ను మోసం చేశారని మధ్యాహ్నం దాకా మండిపోయాను. తర్వాత ఇంకొకటి తోచింది. ఏడాది నా కుడి పక్కన తొక్కావు. ఏ రోజైనా ఏ లారీయో నిన్ను తోసేసి ఉంటే... నాకు కనపడేది కాదు కదే. నేను ఈల వేసుకుంటూ ముందుకు పోయేవాణ్ణి. ఇంటికి వచ్చి, ఎక్కడికి పోయావని నిన్ను కేకలేసేవాణ్ణి."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ ఆయన ఏడవడం చూడలేదు. ఎలా ఓదార్చాలో తెలియక, ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"సైకిలు అమ్మెయ్యమను" అన్నాడు మొహం తుడుచుకుని. మళ్ళీ తనే, "వద్దులే. కొన్నాళ్ళు ఉండనీ, ఊరికే తుడుచుకుంటాను" అన్నాడు. "ఎక్కనులే. భయపడకు."

ఆవిడ తల ఊపింది. ఏడాదిగా ఈ మాట కోసమే చూసింది. తీరా విన్నాక గుండె తేలికపడలేదు, బరువెక్కింది.

"సరేగానీ, ఒక్కటి చెప్పు. రోజూ వెళ్ళే ఆ దారిలో కుడి పక్కన ఏముందే? నేను చూడలేదు కదా. ఏమేం ఉన్నాయి?"

ఆవిడ నోరు తెరిచింది. దారి గుర్తు చేసుకుంది. కాలువ మలుపు, వంతెన, పెద్ద రోడ్డు. కుడి పక్కన ఇళ్ళు ఉండాలి. ఏ రంగు ఇళ్ళు? చెట్లు ఉండాలి. ఏం చెట్లు? ఎంత వెతికినా ఒక్కటీ తగల్లేదు. మూడు వందల పైచిలుకు పొద్దులు అదే దారిన వెళ్ళింది. కళ్ళు మూసుకుంటే గిర్రున తిరిగే ఒక చక్రం తప్ప ఏమీ కనపడడం లేదు.

"నాకూ తెలీదండీ" అంది. అని భోరున ఏడ్చేసింది. "మీ ముందు చక్రం అటూ ఇటూ పోతుందేమోనని దాన్నే చూశాను. దేవుడి సాక్షిగా నేనూ ఏం చూడలేదు."

ఆయన చెయ్యి చాచి, ఆవిడ చెంప దొరికేదాకా వెతికి, తడి తుడిచాడు.

"రెండు కళ్ళూ చక్కగా ఉండి నీదీ అదే బతుకా! లే. వెలుతురు పోకముందే వెళ్దాం."

ఇద్దరూ నడుచుకుంటూ బయల్దేరారు. ఆవిడ అలవాటుగా కుడి పక్కకు వెళ్ళింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నలుగురూ తిరిగే రోడ్డు మీద ఆయన అలా పట్టుకోవడం అదే మొదలు. మధ్యలో మిగిలిన కాస్త చూపు కూడా ఎప్పుడైనా పోవచ్చని డాక్టరు తనతో అన్న మాట ఆవిడ ఇంకా ఆయనకు చెప్పలేదు. ఇవాళ చెప్పాలా, రేపు చెప్పాలా అని కొట్టుకుంటూ నడిచింది.

"ఊఁ, చెప్పు" అన్నాడు ఆయన.

"నీలం గేటండీ. గేటు లోపల ఒకాయన బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. పక్కన గోడ పగిలింది, ఆ పగుల్లోంచి మొక్క లేచింది. దాని తర్వాత ఖాళీ స్థలం. ఎవరో మంచం కోళ్ళు నాలుగు పారేశారు."

"ఇంకా?"

"ఒక కుక్క పడుకుంది. మనల్ని చూసి లేవడానికి బద్ధకిస్తోంది."

"సరే. ఇప్పుడు ఎడమ పక్కది చెప్పు."

ఆవిడ ఆగిపోయింది. "ఎడమ పక్క మీకు కాస్త కనిపిస్తుంది కదండీ?"

"కనిపిస్తోంది" అన్నాడు ఆయన, నడక ఆపకుండా. "అయినా చెప్పు. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుందాం."